ఓటు లేని ఊరికి ఇంటి పన్ను: మందమర్రి సంగతి మాట్లాడుకుందాం



మున్సిపాలిటీల దగ్గర పైసల్లేవు, ఇంటి పన్ను ఒక్కదాన్నే నమ్ముకుంటే నడవదు, రాష్ట్ర సర్కారు ఆదుకోవాలె అనే మాట కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా వింటూనే ఉన్నాం. అందులో నిజం ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినంక వినోదపు పన్ను అందులో కలిసిపోయింది. 15వ ఆర్థిక సంఘమేమో పట్టణాల గ్రాంట్లకు షరతు పెట్టింది: ఇంటి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, రాష్ట్ర ఉత్పత్తి పెరిగే వేగంతో వసూళ్లు కూడా పెరగాలి. అంటే పైనుంచి సాయం కావాలన్నా తిరిగి తిరిగి మళ్లీ ఇంటి పన్ను దగ్గరికే రావాలె.

అయితే మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఊరి తరఫున సర్కారును అడిగేదెవరు?

కరీంనగర్ 2005లో కార్పొరేషన్ అయింది. పాలకవర్గాన్ని ఎన్నుకుంది. 2017లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. ఆ పనులు ఎట్ల జరిగినయో అది వేరే చర్చ. అడగడానికి ఆ ఊరికి ఒక నోరైతే ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని మన మందమర్రికి అదీ లేదు.

మందమర్రి 1995లో మున్సిపాలిటీ అయింది. 50 వేలకు పైగా జనం ఉన్న బొగ్గు పట్టణం. కానీ షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి అక్కడ మున్సిపల్ ఎన్నికలే జరగలేదు. ఎందుకంటే రాజ్యాంగంలోని 243జెడ్‌సీ అధికరణ ప్రకారం, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల భాగం మన ప్రాంతాలకు వర్తించదు. పల్లెల కోసం 1996లో పెసా చట్టం వచ్చింది. పట్టణాల బిల్లు 2001లో రాజ్యసభకు వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఫలితం ఏందో చూడండి. ఏజెన్సీ పల్లెకు గ్రామసభ ఉంది. మైదానం పట్టణానికి కౌన్సిల్ ఉంది. ఏజెన్సీ పట్టణానికి రెండూ లేవు. ఇంటి పన్ను, నల్లా బిల్లు మాత్రం ఉన్నయి. మోరీ ఎక్కడ కట్టాలో, వీధి దీపం ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది అధికారులే.

ఇంటి పన్నుకు ప్రత్యామ్నాయం లేదా అంటే, మన కాళ్ల కిందనే ఉంది. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. 2015 నాటి గనుల చట్ట సవరణ వచ్చినంక పాత లీజుల మీద ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము జిల్లా ఖనిజ నిధికి అదనంగా కట్టాలి. అంటే 100 రూపాయల బొగ్గుకు దాదాపు 4 రూపాయల 20 పైసలు. గనుల వల్ల నష్టపోయిన జనం తాగునీరు, వైద్యం, చదువు కోసమే ఆ నిధి. గ్రామసభ ఉంటే తీర్మానం చేసి అడగొచ్చు, కౌన్సిల్ ఉంటే ప్రతిపాదన పెట్టొచ్చు. మందమర్రి బస్తీ జనం ఎవరి ద్వారా అడగాలె?

"ఎన్నికలు పెడితే గిరిజనేతరులే గెలుస్తరు, మన హక్కులు పోతయి" అని మనలో కొందరు భయపడుతున్నరు. ఆ భయం ఉత్తది కాదు. సింగరేణి వచ్చినంక అక్కడ జనాభా మారిపోయింది. అందుకే మామూలు మున్సిపల్ చట్టాన్ని తెచ్చి రుద్దితే మనం ఒప్పుకోం. పెసాలో ఉన్నట్టే చైర్మన్ పదవి ఎస్టీకే ఉండాలి, భూమి మీద, గనుల మీద వార్డు సభల మాట చెల్లాలి. ఈ రక్షణలతో చట్టం కావాలి. ఎన్నికలే వద్దంటే మాత్రం నష్టపోయేది కూడా మనమే. అధికారి బదిలీ అయి పోతడు, మన గూడెం ఎక్కడికీ పోదు.

పన్నే కట్టం అనడం లేదు. పూర్తిగా సర్కారు ఇచ్చే పైసల మీదనే బతికే ఊరు సర్కారు చెప్పినట్టే వినాల్సి వస్తది. మనం అడిగేవి మూడే:

1. షెడ్యూల్డ్ ప్రాంత పట్టణాలకు మన రక్షణలతో కూడిన చట్టం పార్లమెంటులో తేవాలి.
2. అప్పటిదాకా ఎన్నికైన కౌన్సిల్ లేని ఊర్లల్ల ఇంటి పన్ను పెంచొద్దు.
3. ఖనిజ నిధిలో ఈ పట్టణాలకు వాటా కేటాయించాలి, ఖర్చు లెక్క బస్తీలో తెలుగులో చదివి వినిపించాలి.

మన ఎంపీలను, ఎమ్మెల్యేలను కలిసినప్పుడు హాస్టళ్లు, స్కాలర్‌షిప్‌లతో పాటు ఇది కూడా అడుగుదాం. మణుగూరు వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ దగ్గర కూడా ఇదే కథ కదా. మీ ఊరి పరిస్థితి రాయండి. అందరి మాటలు కలిపి ఒకే వినతిపత్రం తయారు చేద్దాం.

జై ఆదివాసీ!