మంజీర ఒడ్డున మన మౌనం

బీదర్ వైపు నుంచి తెలంగాణలోకి ప్రవేశించిన మంజీర సింగూరు జలాశయాన్ని చేరేలోగా తాకే గ్రామాలలో నారాయణఖేడ్ ప్రాంతపు బోరంచ ఒకటి. ఇక్కడ నల్లపోచమ్మ గుడికి వచ్చే భక్తుల స్నానానికైనా, మస్జిదులో మన వజూకైనా ఆధారం ఈ నదీ పరీవాహకమే. నదికి ఆవలి వైపున న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో 12,635 ఎకరాల జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలం (నిమ్జ్) తలపెట్టారు. 2024లో న్యాల్‌కల్ మండలంలోని దప్పూర్, మాల్గి, వడ్డి గ్రామాలలో ఔషధ పరిశ్రమల కోసం భూసేకరణకు పూనుకోగా రైతులు ఎదురుతిరిగారు. "అది భూములున్నవారి గొడవ, మనకెందుకు?" అన్న మాట మన జమాఅత్‌లలోనే వినవస్తున్నది. ఈ మాటను మేము అంగీకరించలేము.

ఇదే మంజీర దిగువన పటాన్‌చెరు ఉన్నది. అక్కడి పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగును విషతుల్యం చేశాయి. బాధిత గ్రామాల పక్షాన 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం హైకోర్టుకు, అక్కడినుంచి హరిత ట్రిబ్యునల్‌కు మారుతూ రెండున్నర దశాబ్దాలకు పైగా సాగింది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించగా లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. అది "శుద్ధి" చేసిన నీరు! ఆ కర్మాగారాలు అనుమతులు లేకుండా వెలసినవి కావు. అనుమతి పత్రం ఒక్కటే ప్రజలను కాపాడదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏమి కావాలి?

చట్టం మన చేతికి ఒక ఆయుధం ఇచ్చింది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, పెద్ద పరిశ్రమలకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటించాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అందుబాటులో ఉంచాలి. సభను వీడియో తీయాలి. అయితే ఈ సభకు కోరం లేదు. మనం వెళ్లకపోయినా సభ జరిగినట్లే లెక్క. పైగా పారిశ్రామిక పార్కుకు ఒకసారి అనుమతి లభిస్తే, తరువాత అందులో చేరే కర్మాగారాలకు సాధారణంగా విడివిడిగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. ఆనాటి మౌనానికి మూల్యం మన పిల్లలు చెల్లిస్తారు.

నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలని అదే నోటిఫికేషన్ చెబుతున్నది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా ప్రకటించిన ప్రభుత్వం, ఉర్దూ చదివే కుటుంబాలున్న ఈ ప్రాంతంలో ఆ సారాంశాన్ని ఉర్దూలోనూ ఎందుకు ఇవ్వకూడదు? తన ఇంటి బావిలోకి ఏమి ఇంకబోతున్నదో మన తల్లులకు అర్థమయ్యే భాషలో చెప్పడం దయ కాదు, బాధ్యత.

భూమి లేదు గనుక మనకు సంబంధం లేదనడం మరొక భ్రమ. కౌలుకు దున్నేవారు, కూలికి వెళ్లేవారు, మేకలు పెంచేవారు, సంతలో పండ్లు అమ్మేవారు మనలో ఎందరు లేరు? సేకరించిన భూమిపై అంతకు ముందు మూడేళ్లుగా ఆధారపడిన కౌలుదారులు, కూలీలు కూడా బాధిత కుటుంబాలేనని 2013 భూసేకరణ చట్టం గుర్తించింది. నోరు తెరిచి అడగనివారి పేరు జాబితాకు ఎక్కదు.

ఇటు నిబంధనలు సడలుతున్నాయి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనకు ఉన్న ఐదేళ్ల వరకు జైలు శిక్షను 2023 నాటి జన విశ్వాస్ చట్టం తొలగించి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానాగా మార్చింది. కోట్ల వ్యాపారానికి 15 లక్షలు శిక్షా, ఖర్చా?

"మన యువకులకు ఉద్యోగాలు వద్దా?" అని అడుగుతారు. కావాలి. ప్రాణంతో తిరిగివచ్చే ఉద్యోగాలు కావాలి. 2025 జూన్ 30న మన జిల్లాలోనే, పాశమైలారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా కార్మికులను బలిగొన్నది. వారిలో అనేకులు పొట్టచేత పట్టుకొని పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినవారే. నిబంధనలు పరిశ్రమకు శత్రువులు కావు. మొదట అవి కాపాడేది లోపల పనిచేసే కార్మికునే.

కనుక ప్రతి మస్జిదు కమిటీ, ప్రతి యువజన సంఘం ఈ పనులు చేపట్టాలని కోరుతున్నాము. ప్రకటన వెలువడిన వారంలోగా ముసాయిదా నివేదికను తెచ్చి చదివించాలి. జుమా నమాజు తరువాత దాని సారాన్ని వివరించాలి. అభ్యంతరాలను లిఖితపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. ప్రజాభిప్రాయ సేకరణకు స్త్రీలతో సహా హాజరు కావాలి. అనుమతి అన్యాయమనిపిస్తే హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులేనని, తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకే పొడిగిస్తారని గుర్తుంచుకోవాలి. ఈ పోరాటంలో దళిత, బహుజన రైతులు మనకంటే ముందే నడుస్తున్నారు. వారి పక్కన నిలబడడం మనం వారికి చేసే ఉపకారం కాదు. మంజీర చెడిన తరువాత కలిసి ఏడ్చే కన్నా, చెడకముందే కలిసి అడగడం మేలు.