పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కోకండి

ఆత్మహత్య మీద రాసిన నవలను పదో తరగతి, ఇంటర్ పిల్లల చేతిలో పెట్టొద్దని కొందరు పెద్దలు వాదిస్తున్నారు. లేని ఆలోచన పుట్టిస్తామట. మేం ఒప్పుకోం. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పిల్లల మధ్యే బతుకుతున్న టీచర్లుగా చెబుతున్నాం: ఆ ఆలోచన ఏ పుస్తకమూ రాకముందే కొందరు పిల్లల్లో మెదులుతోంది. దాన్ని బయటికి చెప్పుకోవడానికి మాటే దొరకడం లేదు.

అమెరికా రచయిత జే ఆషర్ 2007లో రాసిన 'థర్టీన్ రీజన్స్ వై' నవలనే చూద్దాం. హానా అనే హైస్కూలు అమ్మాయి చనిపోయాక, ఆమె గొంతుతో రికార్డయిన ఏడు క్యాసెట్లు క్లే అనే తోటి విద్యార్థికి అందుతాయి. అందులో పదమూడు కారణాలు. పుకార్లు, ఎగతాళి, అమ్మాయి ఒంటి మీద కామెంట్లు, చూసీ చూడనట్టు పోయిన స్నేహితులు. చివరి కారణం ఒక టీచరు. హానా సాయం కోరి ఆయన దగ్గరికి వెళ్తుంది. జరిగింది మర్చిపొమ్మన్నట్టు మాట్లాడతాడు. ఆమె లేచి బయటికొచ్చి, తలుపు అవతల ఆగుతుంది. ఆయన వెనకాల రాడు.

ఇందులో ఆశ ఎక్కడుందని అడుగుతారు. చివరి పేజీలో ఉంది. ఎవరితోనూ కలవకుండా ముడుచుకుపోయిన స్కై అనే అమ్మాయి బడి వరండాలో నడిచిపోతుంటే, క్లే వెంట వెళ్లి పేరు పెట్టి పిలుస్తాడు. నవల అక్కడ ఆగిపోతుంది. పోయిన హానా తిరిగి రాదు. స్కై మాత్రం ఇంకా బతికే ఉంది. ఆ ఒక్క పిలుపే ఈ నవల ఇచ్చే ఆశ.

నవలలో లోపం లేదని మేం అనడం లేదు. చనిపోయి అందరికీ బుద్ధి చెప్పవచ్చనే భ్రమ అందులో ఉంది. అక్కడ టీచరు ఆగి, పిల్లలతో తేల్చి మాట్లాడాలి. ఎవరు ఏడ్చారో, ఎవరు మారారో హానా చూడలేదు. తనంటే క్లేకు ఎంత ఇష్టమో కూడా ఆమె వినలేకపోయింది. చావు ఎవరికీ జవాబు చెప్పదు, మనకు రావలసిన జవాబును కూడా మింగేస్తుంది.

కథ చెప్పే తీరు ముఖ్యం. ఇదే నవలను 2017లో సీరియల్‌గా తీసిన నెట్‌ఫ్లిక్స్, చావును కళ్లకు కట్టినట్టు చూపించి విమర్శల పాలైంది. 2019లో ఆ దృశ్యాన్ని తీసేసింది. మరోపక్క, అలాంటి ఆలోచన నుంచి బయటపడినవాళ్ల గురించిన వార్తలు రక్షణగా పనిచేయవచ్చని వియన్నా పరిశోధకులు 2010లో రాశారు. కాబట్టి భయపడవలసింది కథకు కాదు, చావును గొప్పచేసే కథకు.

మన పిల్లల సంగతి చూడండి. చిన్నప్పుడే గూడెం వదిలి హాస్టల్‌కి వస్తారు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. యాసను వెక్కిరిస్తారు. ఒక్క సబ్జెక్టు పోతే బతుకే పోయిందంటారు. ఏమైందని అడిగితే "ఏం లేదు సార్" అంటారు. ఆ మాట నమ్మి వెళ్లిపోతే మనమూ ఆ నవలలో టీచరుమే.

అందుకే తోటి టీచర్లను కోరుతున్నాం. ఇలాంటి నవలను పిల్లలు రాత్రిపూట ఒంటరిగా చదువుకునేలా వదలకండి. కథను తెలుగులో, మన భాషలో చెప్పండి, కలిసి మాట్లాడండి. హానా తలుపు అవతల ఆగిన చోట ఆపి, "మీరైతే ఏం చేస్తారు?" అని అడగండి. అనుమానం వస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అలా అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఔనంటే ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి, ఇంటివాళ్లను, డాక్టర్‌ను కలపండి. టెలి మానస్ నంబరు 14416ను బోర్డు మీద రాసి ఉంచండి. ఏ వేళనైనా, తెలుగులో, ఉచితంగా మాట్లాడవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బరువు మోస్తున్నవాళ్లు ఒక్కరికైనా చెప్పండి. ఆ ఒక్కరు వినకపోతే రెండోవాళ్లకు చెప్పండి. రాయగలిగినవాళ్లు కోయలో, గోండిలో, సవరలో, కువిలో రాయండి. పరీక్ష తప్పి, అవమానపడి, అయినా తెల్లారి లేచి బతికిన మన పిల్ల కథ రాయండి. ఆ పుస్తకం కోసం మా బడి అలమరలో చోటు ఖాళీగా ఉంచాం.