పాలు పడకపోతే పొగరా?

మా చిన్న తోడికోడలికి పాలు పడవు. గ్లాసెడు తాగిందంటే గంటా రెండు గంటల్లో కడుపుబ్బరం, విరేచనాలు. "అలవాటు చేసుకోవాలి గానీ ఏమిటా నాజూకు?" అంటారు మా అత్తగారు. మా మరిదికి వంకాయ పడదంటే మాత్రం ఇన్నేళ్లుగా ఆయనకు వేరే కూర వండుతూనే ఉన్నాం!

పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగాలంటే లాక్టేజ్ ఎంజైమ్ ఉండాలి. చాలామందిలో అది పసితనం దాటాక తగ్గిపోతుంది. బలవంతంగా తాగించినంత మాత్రాన తిరిగి రాదు. పెరుగు తోడుకునేటప్పుడు కొంత లాక్టోజ్ ఖర్చయిపోతుంది కనుక పెరుగన్నం చాలామందికి ఇబ్బంది పెట్టదు. నేతిలో అది దాదాపు ఉండదు. ఎముకలకు కాల్షియం అంటారా, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంది.

అసలు చిక్కల్లా పేరంటాల్లోనే. కాఫీ వద్దంటే "మా ఇంట్లో తాగకూడదా?" అని నిష్ఠూరం. పరమాన్నం వద్దంటే ప్రసాదాన్ని కాదన్నట్టే. మొహమాటపడి తాగేసి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ అమ్మాయి పడే అవస్థ ఎవరితో చెప్పుకుంటుంది? వచ్చినావిడ వద్దంటే కారణం అడక్కుండా నిమ్మరసం ఇవ్వలేమా?

మొన్న పండక్కి కొబ్బరిపాలతో పరమాన్నం వండాను. అత్తగారు మారు వడ్డించమన్నారు. ఏ పాలని అడగలేదు.