సోక్ అప్ వేరు, వంటబట్టడం వేరు

ప్రాజెక్టులోకి కొత్తగా ఎవరొచ్చినా కేటీ మొదటి రోజే ఒక మాట వింటారు: "ఈ రెండు వారాల్లో ఎంత వీలైతే అంత సోక్ అప్ చేసుకో". ఇంగ్లీషు ప్రకారం తప్పేం లేదు. కానీ ఆ మాట వాడే తీరు మీద నాకో అభ్యంతరం ఉంది.

ముందు అర్థం చూద్దాం. ఒట్టి సోక్ అంటే నానడం, నానబెట్టడం. పక్కన అప్ చేరితే పీల్చేసుకోవడం. బియ్యం నానితే సోక్. బల్ల మీద ఒలికిన టీని గుడ్డ పీల్చేస్తే సోక్ అప్. "తాగాడు"కీ "తాగేశాడు"కీ ఎంత తేడానో ఇక్కడా దాదాపు అంతే తేడా. ఎండలో హాయిగా కూర్చున్నా, కొత్త ఊరి సందడిని ఆస్వాదించినా సోక్ అప్పే. ప్రాజెక్టు బడ్జెట్‌ని మింగేసినా సోక్ అప్పే. అన్నట్టు "సోక్ ఇట్ అప్" అనాలి, "సోక్ అప్ ఇట్" అనకూడదు.

ఇక అభ్యంతరం. స్పాంజి ఎంత త్వరగా పీలుస్తుందో, పిండితే అంత త్వరగా వదిలేస్తుంది. ఇంగ్లీషులోనే ఇంకో మాట ఉంది: సింక్ ఇన్, అంటే ఇంకడం. సోక్ అప్ చేసేది మనిషి, సింక్ ఇన్ అయ్యేది విషయం. తెలుగులోనూ అంతే. "నేను నేర్చుకున్నాను" అంటాం కానీ "నేను వంటబట్టాను" అనం, "నాకు వంటబట్టింది" అంటాం. మొదటిది మన చేతిలో పని. రెండోదానికి టైమ్ కావాలి. అర్ధరాత్రి ప్రొడక్షన్ ఇష్యూ వస్తే ఆదుకునేది రెండోదే.

మన మేనేజర్లు మొదటిది చెయ్యమని చెప్పి రెండోదాని ఫలితం అడుగుతారు. పాపం ఆ కుర్రాడు రికార్డింగులు చూసేశాడు, డాక్యుమెంట్లు చదివేశాడు. అన్నీ "ఏశాడు"లే, వంటబట్టినవి కొన్నే. మూడో వారానికల్లా "ఇంకా పికప్ అవ్వలేదు" అనే ముద్ర పడిపోతుంది. ఆ ముద్ర అప్రైజల్ దాకా వెంటాడుతుంది.

మన టెస్టింగులో సోక్ టెస్ట్ అని ఒకటుంది. సిస్టమ్‌ని గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి లోడ్ మీద నడిపి చూస్తాం. ఎందుకంటే మెమరీ లీకుల్లాంటివి చాలావరకు పది నిమిషాల్లో బయటపడవు. సర్వరు సంగతి తేల్చడానికే అంత టైమ్ తీసుకుంటున్నప్పుడు, మనిషి సంగతి రెండు వారాల్లో తేల్చేయడం ఏం న్యాయం? ఏమంటారు?