నీరు చేసే చిత్రం

పిల్లలూ! వికారాబాదు జిల్లాలో పూడూరు అనే ఊరుంది. ఆ వైపు చేలల్లో కందులు పండుతాయి. మీ ఇంట్లో గుప్పెడు కందులు రాత్రి నీళ్లలో పోసి, తెల్లవారి చూడండి. గింజలు ఉబ్బి మెత్తబడి ఉంటాయి. వాటిలోని పిండిపదార్థమూ, మాంసకృత్తులూ నీరు పీల్చుకున్నాయన్నమాట.

మాంసకృత్తులు మన రక్తంలోనూ ఉన్నాయి. రక్తానికి ఎరుపు రంగునిచ్చే హెమోగ్లోబిన్ వాటిలో ఒకటి. దాని ఒక్కొక్క అణువులో నాలుగు భాగాలుంటాయి. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని, ఒళ్లంతా పంచిపెట్టడం దాని పని. ఎక్కించుకునేటప్పుడూ, దించేటప్పుడూ ఆ నాలుగు భాగాలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. అంటే, దాని పనంతా దాని రూపంలోనే ఉంది. ఆ రూపంలో నీటికి కూడా వాటా ఉంది!

ఈ సంగతి ఎలా తెలిసింది? అణువు కంటికి కనబడదు గదా! అందుచేత శాస్త్రజ్ఞులు అణువులను పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలుగా చేసి, వాటిపై ఎక్స్ కిరణాలు పంపి చూస్తారు. మాంసకృత్తుల స్ఫటికాలు ఎండితే బొమ్మ చెదిరిపోయేది. 1934లో కేంబ్రిడ్జిలో బెర్నాల్, డొరోతీ క్రోఫుట్ అనే ఇద్దరు, పెప్సిన్ స్ఫటికాలను తడి ఆరకుండా సన్నని గాజుగొట్టంలో ఉంచి చూశారు. చక్కని బొమ్మ వచ్చింది! తర్వాత మాక్స్ పెరుట్జ్ ఏళ్ల తరబడి శ్రమించి, 1960లో హెమోగ్లోబిన్ రూపాన్ని లోకానికి చూపాడు. 1962లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

2008లో మన దేశపు శాస్త్రజ్ఞులు మరొక చిత్రం చూశారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎం. విజయన్, హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన ఆర్. శంకరనారాయణన్, వారితో కౌశల్ కలిసి, గుర్రపు హెమోగ్లోబిన్ స్ఫటికాల చుట్టూ ఉన్న గాలిలో తేమను మెల్లగా తగ్గించారు. తేమ 88 శాతం ఉన్నప్పుడు అణువు రూపు మారలేదు. 79 శాతానికి తగ్గేసరికి స్ఫటికంలో నీరు తగ్గింది. అణువులోని నాలుగు భాగాలు వేరొక పొందిక వైపు జరిగాయి. 75 శాతం దగ్గర వింత జరిగింది. స్ఫటికంలో అణువుల వరస మారి, లోపలి నీరు మళ్లీ పెరిగింది. అణువు కూడా పాత రూపానికి వచ్చేసింది! 66 శాతం దగ్గర నీరు తగ్గగానే మళ్లీ కొంత జరిగింది. చూశారా? నీరు ఎటో, రూపం అటు!

అయితే, దాహం వేస్తే మన హెమోగ్లోబిన్ ఇలా మారిపోతుందేమోనని భయపడకండి. ఇది స్ఫటికంపై చేసిన పరీక్ష. మన శరీరం రక్తంలోని నీటిని జాగ్రత్తగా సరిచూసుకుంటుంది.

కాని సికిల్‌సెల్ జబ్బు ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్ల హెమోగ్లోబిన్‌లో పుట్టుకతోనే చిన్న తేడా ఉంటుంది. ఎర్రకణంలో నీరు తగ్గితే ఆ అణువులు ఇరుకున పడతాయి. ప్రాణవాయువును వదిలాక, తాళ్లలాగా ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. అప్పుడు కణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడుతుంది. విపరీతమైన నొప్పి పుడుతుంది. అందుకే డాక్టర్లు వాళ్లను తరచుగా నీళ్లు తాగమంటారు.

మీ తరగతిలో అలాంటి నేస్తం ఉంటే, పాఠం మధ్యలో నీళ్లకు లేచినప్పుడు నవ్వకండి. గ్లాసు మీరే అందించండి!