అరచేతిలో జీపు.. రెండో ప్రశ్నకు జవాబు

ఫైనలియర్ ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెప్తారు. ‘ఈ భాగం ఇలాగే ఎందుకుంది?’ అని రెండో ప్రశ్న పడగానే కొనుక్కొచ్చిన ప్రాజెక్టు బయటపడిపోతుంది. అందుకే, ప్లేస్‌మెంట్ల సీజన్లో ఇదేం సలహా అనుకున్నా సరే, ఒక మాట: వీలైతే ఒక ప్లాస్టిక్ స్కేల్ మోడల్‌ని మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో కట్టండి.

రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపునే తీసుకుందాం. అసలు బండి పొడవు సుమారు 3.3 మీటర్లు. 1/35 స్కేల్లో అది తొమ్మిదిన్నర సెంటీమీటర్లే. పెట్టె తెరిస్తే విడిభాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని ఉంటాయి. కరిగిన పాలీస్టైరీన్ అచ్చులోకి పారిన దారే ఆ చట్రం. భాగం అంచున కనిపించే సన్నటి గీత, అచ్చు రెండు సగాలు కలిసిన చోటు. వెనకవైపు గుండ్రటి మచ్చలు, భాగాన్ని అచ్చులోంచి బయటికి నెట్టిన పిన్నులవి. ఇంజెక్షన్ మోల్డింగ్ అని పరీక్ష కోసం బట్టీ పట్టిందంతా ఇక్కడ వేలికి తగులుతుంది.

ఇక అతికించడం. ప్లాస్టిక్ సిమెంట్ రెండు అంచుల్నీ కొద్దిగా కరిగించి ఒకటి చేసేస్తుంది. ఆరాక విడదీయడం కష్టం. కాబట్టి ముందు జిగురు లేకుండా పెట్టి చూసుకోవాలి. సీట్లు బిగించేశాక వాటి వెనక్కి బ్రష్ వెళ్లదు. ఏది ముందు అతకాలి, దేనికి ముందే రంగు వేయాలి అన్నది మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి.

ముందున్న గ్రిల్ చూడండి. తొలి విల్లీస్ జీపులకు ఇనుప పట్టీలు వెల్డింగ్ చేసి గ్రిల్ కట్టేవారు. ఫోర్డ్ దాన్ని రేకుతో ప్రెస్‌లో కొట్టి తయారుచేసింది. తర్వాత విల్లీస్ కూడా అదే పద్ధతికి వచ్చింది. అసలు మొదటి నమూనా చేసింది మాత్రం బాంటమ్ అనే చిన్న కంపెనీ. 1940లో అమెరికా సైన్యం పెట్టిన 49 రోజుల గడువులోనే ఇచ్చింది. కానీ భారీగా తయారుచేసే స్తోమత దానికి లేదని సైన్యం భావించడంతో పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్‌లకు వెళ్లాయి. ఆ రెండూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. డిజైన్ బాగుంటే చాలదు, దాన్ని లక్షల్లో తయారుచేయగలగాలి. స్వాతంత్ర్యం వచ్చాక మన మహీంద్రా వాహనాల్లోకి అడుగుపెట్టింది కూడా విల్లీస్ జీపులు అసెంబుల్ చేస్తూనే!

అలాగని కిట్ కట్టగానే ఎవరూ డిజైన్ ఇంజినీర్ అయిపోరు. కోడింగ్, ఆప్టిట్యూడ్ ప్రిపరేషన్ ఎలాగూ తప్పదు. రెజ్యూమెలో ‘హాబీ: మోడల్ మేకింగ్’ అని రాసి వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ భాగం ఎందుకలా ఉందో, ఏ పని ముందు చేశారో, ఎందుకు చేశారో రెండు నిమిషాలు చెప్పగలిగితేనే దానికి విలువ.

కిట్ ఖరీదు భారమైతే నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒకటి కొనండి. అదీ కుదరకపోతే పాత సైకిల్ హబ్ విప్పి, బొమ్మ గీసుకుని, మళ్లీ బిగించండి. పూర్తయ్యాక ఆ రెండో ప్రశ్న మీకు మీరే వేసుకోండి.