కూల్చిన ఇంటి కంకరతో కొత్త ఇల్లు కట్టొచ్చా? స్లాబ్‌కి ఎంత.. బెడ్‌కి ఎంత.. రూల్స్ ఏం చెబుతున్నాయంటే!

పాత ఇల్లు కూల్చేస్తారు. రాత్రికి రాత్రే ట్రాక్టర్లు వస్తాయి. తెల్లారేసరికి ఆ శిథిలాలు ఏ చెరువు గట్టు మీదో, నాలా పక్కనో కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఏళ్లుగా ఇదే సీన్. దీనికి చెక్ పెట్టేందుకు కేంద్రం 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు తేదీ ఖరారు చేసింది. 20 వేల చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణ విస్తీర్ణం ఉన్న ప్రాజెక్టులు తమ వ్యర్థాల రీసైక్లింగ్ బాధ్యత తామే తీసుకోవాలి.

బాగానే ఉంది. మరి అలా తయారైన సరుకు కొనేదెవరు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ప్లాంట్‌లో ఏం జరుగుతుంది?

హైదరాబాద్ జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల సామర్థ్యమున్న ప్లాంట్ 2020 నవంబర్‌లోనే మొదలైంది. ఇలాంటి చోట శిథిలాల నుంచి ఇనుము, చెక్క, ప్లాస్టిక్ తీసేస్తారు. మిగిలినదాన్ని పగలగొట్టి, సైజుల వారీగా కంకర, ఇసుకగా వేరు చేస్తారు. పేవర్ బ్లాక్స్, కర్బ్ స్టోన్స్ లాంటివి వీటితో చేయొచ్చు. ఢిల్లీలో సుప్రీంకోర్టు అదనపు భవనానికీ రీసైకిల్డ్ బ్లాకులు వాడారు.

ఎక్కడ ఎంత వాడొచ్చు?

భారతీయ ప్రమాణం ఐఎస్ 383 దీన్ని 2016లోనే తేల్చేసింది. పాత కాంక్రీట్‌ నుంచి తీసిన కంకర అయితే..

* ఇనుము వేసే స్లాబ్, పిల్లర్లలో: మొత్తం కంకరలో 20 శాతం వరకు, అదీ ఎం25 గ్రేడ్ దాకానే
* ఇనుము లేని సాదా కాంక్రీట్‌లో: 25 శాతం
* పునాది కింద వేసే తక్కువ గ్రేడ్ బెడ్‌లో: 100 శాతం

ఇటుక ముక్కలు, ప్లాస్టరింగ్ పెళ్లలు కలిసిన కంకరైతే బెడ్‌కే పరిమితం. స్లాబ్‌లో వేయకూడదు.

మేస్త్రీ ఏం చూసుకోవాలి?

ఈ కంకరకు పాత సిమెంట్ అంటుకుని ఉంటుంది. అందుకే నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. పొడిగా మిక్సర్‌లో వేస్తే మాల్ వెంటనే బిగుసుకుంటుంది. పని సాగడం లేదని మేస్త్రీ ఇంకో బకెట్ నీళ్లు పోస్తాడు. కాంక్రీట్ బలం తగ్గేది అక్కడే! కంకరను ముందే తడిపి, పైన నీరు కారిపోయాక కలిపితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

నమ్మకం కుదిరేదెలా?

జీవితకాలం పొదుపు చేసి ఇల్లు కట్టుకునేవాళ్లు ‘పాత సరుకు’ అంటే భయపడతారు. ఆ భయంలో తప్పేమీ లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని శిథిలాలను కాంట్రాక్టర్ చవగ్గా తెచ్చి కలిపేస్తే నష్టపోయేది ఇంటి యజమానే. అందుకే ప్లాంట్ పేరున్న బిల్లు, టెస్ట్ రిపోర్ట్ అడగండి. అవి చూపించకపోతే ఆ లోడ్ దింపించుకోవద్దు.

ఫుట్‌పాత్‌లు, కాలనీ రోడ్ల బెడ్‌లు వేయించేది ప్రభుత్వాలే. ముందు ఆ పనుల్లో ఈ సరుకు నిలబడి చూపిస్తే, ఇళ్లు కట్టుకునేవాళ్లకూ ధైర్యం వస్తుంది. లేదంటే ప్లాంట్లలో కంకర గుట్టలు పెరుగుతాయి. చెరువుల్లోకి ట్రాక్టర్లు మాత్రం ఆగవు.